ముందే రాసిన గురువారం

టీకా మందులు నిలవచేసే చల్లగదిలో అందరూ అతన్ని థర్మామీటర్ అని పిలిచేవారు. పొద్దున తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ప్రతి ఫ్రిజ్ తలుపు మీదా కనబడే అంకె చూసి, పక్కన వేలాడే కాగితంలో రాసి సంతకం పెట్టడం అతని పని. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటే మందు బతికున్నట్టు, దాటితే పోయినట్టు. సీసా చూస్తే మాత్రం ఏ తేడా తెలియదు. పాత ఉద్యోగులు కొందరు సాయంత్రం అంకె కూడా పొద్దున్నే వేసేసి పోతుండేవారు. "ఎలాగూ నాలుగే ఉంటుంది కదయ్యా" అనేవారు. అతను ఆ కాగితం పట్టుకుని, రాసినవాడు ఏ టీకొట్టు దగ్గరున్నా వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఏడేళ్లలో తను చూడని అంకె ఒక్కటీ వెయ్యలేదు. ఆ పేరు ఎగతాళికి పెట్టిందే అయినా లోలోపల అతనికి ఇష్టమే.

పాప పుట్టాక ఈ చూపు ఇంటికి కూడా వచ్చేసింది. పాప దగ్గితే చాలు, పొట్ట మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టేవాడు. రెండున్నరేళ్లుగా అతనికి తెల్లారడమే అలసటతో తెల్లారుతోంది. భార్య కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షిస్తుంది. ఇద్దరూ ఎనిమిదింటికి వెళ్తే ఆరింటికి వస్తారు. మధ్యలో పాప అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మూడు నెలలు ఉండి వెళ్తానని ఒక్క సంచితో వచ్చిన అత్తగారు, రెండున్నరేళ్లు ఉండిపోయింది.

ఆ ఆదివారం బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, "నెలాఖరుకి నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానే" అంది.

"ఏమైందమ్మా?" అంది కూతురు.

"ఏమీ కాలేదు. వెళ్లాలనిపించింది."

అతను లోలోపల లెక్కేసుకున్నాడు. అత్తగారు వెళ్తే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి. లేదా పాపని వీధి చివర శిశువిహార్‌లో వెయ్యాలి. అక్కడికి వెళ్లి చూసి వచ్చాడు కూడా. ఇరవై ఆరుగురు పిల్లలు, ఇద్దరు ఆయాలు, తెరుచుకునే కిటికీ ఒక్కటి. ఆవిడ మనసు ఎలా మార్చాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ ఇంటికొచ్చాడు. మీరు లేకపోతే మేం లేమనీ, మీ రుణం తీర్చుకోలేమనీ మంచి మాటలు చాలానే పోగయ్యాయి. అదను దొరకలేదు.

అంతకు నెల ముందు అతని అక్క ఒక నోటుపుస్తకం ఇచ్చింది. "ఏం జరుగుతుందో ఏం జరుగుతుందో అని చస్తుంటావు గదరా. జరిగిన మంచి రోజుకి మూడు ముక్కలు రాసుకో. నేనూ రాస్తున్నా. కాస్త నయంగా ఉంది" అంది. మొదటి పది రోజులూ నిజంగానే చూసి రాశాడు. పాప తన చెప్పులు తనే వేసుకుందనీ, ఎడమది కుడికాలికనీ. వాన మొదలయ్యేలోపు బస్సు దొరికిందనీ. తర్వాత ఓపిక అడుగంటింది. రోజూ అవే మూడు వాక్యాలు. పాప ఆరోగ్యంగా ఉంది. ఉద్యోగం ఉంది. అత్తయ్యగారు పాపని చూసుకున్నారు. చివరికి అత్తగారు వెళ్తానన్న మర్నాడు, సోమవారం, బస్సులో కూర్చుని, ఆ వారమంతటికీ ఒకేసారి తేదీలు వేసి రాసేశాడు. ఒక పని తీరిందనిపించింది, అంతే.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాప నేల మీద బోర్లా పడుకుని ఆ పుస్తకం వెనక అట్ట మీద గీతలు గీస్తోంది. అత్తగారు గుమ్మంలోనే అడిగింది.

"ఇవాళ ఏ వారం అల్లుడుగారూ?"

"బుధవారం అత్తయ్యగారూ."

"అదే అనుకున్నా. మరి రేపు కూడా పాపని నేనే చూసుకున్నానట. ఎల్లుండీ నేనేనట. శనివారం దాకా నాకు తీరిక లేదు."

భార్య ఫక్కున నవ్వింది. "కృతజ్ఞతకి కూడా అడ్వాన్సు బుకింగా?"

"ఉండవే. పోయిన మంగళవారం నేను జ్వరంతో పడున్నాను. నువ్వే కదా సెలవు పెట్టింది. ఆరోజూ నేనే చూసుకున్నానని రాశారు. మూసిన కన్ను తెరవలేదు, ఎలా చూశానో మరి!"

భార్య నవ్వు ఆగిపోయింది. ఫ్రిజ్‌కి చెయ్యని పని అతను ఒక మనిషికి చేశాడు. "బాగా అలసిపోయి..." అని ఏదో మొదలుపెట్టాడు.

"అలసిపోయారు, నిజమే. నేను కాదన్నానా?" అని ఆవిడ గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్లిపోయింది.

గురువారం అతను సెలవు పెట్టాడు. పాపకి ఒళ్లు వెచ్చబడకుండా సెలవు పెట్టడం అదే మొదటిసారి.

"ఒంట్లో బాగాలేదా?" అంది అత్తగారు.

"బాగానే ఉందండీ. ఊరికే."

"ఊరికే సెలవు పెట్టే మనిషేనా మీరు! నాకు కాపలానా? సరే, కాళ్లకి అడ్డం పడకుండా ఓ మూల కూర్చోండి."

పదింటికి ఆవిడ పాపని చంకన వేసుకుని కింద పార్కుకి బయల్దేరింది. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అతను ఎత్తుకుంటానంటే పాప ఒప్పుకోలేదు. రోజూ రెండేసి మెట్లు దాటుకుంటూ దిగిపోయే అతను ఆరోజు వెనక నడిచాడు. ఆవిడ ఊచ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. మొదటి మలుపు దగ్గర ఆగి, పాపని దించి, "చీమలు చూద్దామా?" అంది. పాప చతికిలపడి గోడ వారగా వెతకసాగింది. రెండో మలుపులో పాపే గుర్తుచేసింది. "అమ్మమ్మా, చీమలు!" అతను వంగి చూశాడు. రెండు చోట్లా ఒక్క చీమ కూడా లేదు. అత్తగారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం ఆవిడ నేల మీద గోడకి చేరగిలి, కాళ్లు చాపి, వాటి మీద పాపని పడుకోబెట్టి ఊపింది. పాప మరెక్కడా నిద్రపోదట. ఈ సంగతి అతనికి ఆరోజు దాకా తెలియదు. పాప గాఢంగా నిద్రపోయాక పక్క మీదకి జరిపి లేవబోయింది. కుర్చీ అంచు పట్టుకుని సగం లేచి, మళ్లీ కూలబడింది. అతను ఒక్క అంగలో వచ్చి చెయ్యి ఇవ్వబోతే, "ష్, పాప లేస్తుంది" అని గదిమింది. మూడోసారికి లేచింది.

"ఎప్పట్నించి అత్తయ్యగారూ?"

"ఏంటి?"

"మోకాళ్లు."

"ఏడాది దాటింది."

"ఒక్క మాట చెప్పలేదేం?"

ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంది. "చెప్తే ఏం చేస్తారు? ఆయింట్‌మెంటు తెస్తారు. నాలుగు మంచి మాటలు చెప్తారు. నేను మెత్తబడి ఉండిపోతాను. నా సంగతి నాకు తెలియదా? అందుకే ఊరికే వెళ్లాలనిపించిందన్నాను."

"మీరు వెళ్తే..."

"మా అమ్మాయి ఉద్యోగం మానుతుందనేగా. ఆ భయంతోనే ఈ ఏడాది లాక్కొచ్చాను. దాని చదువుకి పద్దెనిమిదేళ్లు కుట్టుమిషను తొక్కాను బాబూ. ఇంక తొక్కలేను."

నాలుగు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ అతని నాలుక చివరికి వచ్చాయి. అన్నీ నిజమే. ఇప్పుడు చెప్తే ఆవిడ ఉండిపోతుంది. అది కూడా నిజమే. అందులో ఒక్కటీ అనకుండా, వెళ్లి ఆవిడకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం భార్య చెప్పులు విప్పుతుండగానే చెప్పాడు. "అత్తయ్యగారిని వెళ్లనిద్దాం."

మెట్ల సంగతి, చీమల సంగతి విని భార్య రెండో చెప్పు విప్పడం ఆపింది. "నాకూ కనపళ్లేదు. పొద్దస్తమానం కళ్లు పరీక్షించేదాన్ని" అంది. తర్వాత, "మరి నేను మానాలా?" అంది.

"వద్దు. నేను రెండింటి నుంచి తొమ్మిదింటి దాకా డ్యూటీ అడుగుతాను. నువ్వు ఏడింటికి వెళ్లి ఒంటిగంటకల్లా వచ్చేలా అడుగు. అది తేలేదాకా నేను సెలవు పెడతాను."

"వాళ్లు ఒప్పుకుంటే మనిద్దరం గుమ్మం దగ్గర కలుస్తాం. ఒకరు లోపలికి, ఒకరు బయటికి."

"ఆదివారం ఉంటాం కదా."

"ఆదివారం నువ్వు పడుకుంటావు."

"నువ్వు పడుకోవా?"

ఇద్దరికీ నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఆమె వచ్చి అతని భుజానికి తల ఆనించింది.

మర్నాడు పొద్దున్నే అతను అత్తగారి దగ్గరికి వెళ్లాడు. "నెలాఖరు దాకా ఎందుకండీ? రేపు ఎముకల డాక్టరుకి చూపిద్దాం. ఆదివారం నేనే దింపి వస్తాను."

"తరిమేస్తున్నారా?"

"అవునండీ."

ఆవిడ అతని మొహంలోకి తేరిపార చూసింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"వంటింట్లోకి రండి" అంది చివరికి. "పాపకి అన్నం మెదపడం నేర్చుకోండి. మీరు చేస్తే గడ్డలు గడ్డలుగా ఉంటుంది, ఉమ్మేస్తుంది."

ఆవిడ కూర్చుంది. అతను నిలబడి మెదిపాడు. మొదటిది చూసి, గరిటె తిరగేసి అంటుకున్న గడ్డ చూపించింది. రెండోది నీళ్లలా ఉందంది. మూడోదానికి పెదవి విరిచింది గానీ, ఏమీ అనకుండా గిన్నె తీసి పాప ముందు పెట్టింది.