ఏ పదును?

మా ఆఫీసు కింద సందులోకి వారానికోసారి సాన పట్టేవాడు వస్తాడు. తిరిగే రాయికి కత్తి ఆనించగానే కీచుమనే చప్పుడు, దాని వెంటే కాలిన ఇనుము వాసన మూడో అంతస్తు దాకా వస్తాయి. మిగతావాళ్లు కిటికీ మూసేస్తారు. నాకు లేచే ఓపిక ఉండదు. కుర్మన్న గుర్తొచ్చి పని ఆగిపోతుంది.

కొత్తకోటలో హైవే పక్కన ఆయనకు వెల్డింగ్ షాపు ఉండేది. డిప్లొమా పట్టుకుని ఎక్కడా కుదురుకోని నన్ను, తెలంగాణ వచ్చిన కొత్తలో, యంత్రాల బొమ్మలు గీయడానికి పెట్టుకున్నాడు. ట్రాక్టర్ వెనక కట్టి పల్లిచెట్లను కాయలతో సహా లేపే కత్తి చేయాలని ఆయన పిచ్చి. మా ఎర్రనేల ఎండితే రాయే, చెట్లు పీకే ఆడవాళ్ల వేళ్లు చిట్లిపోయేవి. కుర్మన్నకు నేల తెలుసు. మందపాటి ఉక్కును వంచడం తెలిసినవాడు నందికొండలో ఉన్నాడు. డ్యామ్ గేట్ల దగ్గర ఫిట్టర్‌గా చేసి రిటైరైన ఏసోబు సార్. ఒక వ్యవసాయ ప్రదర్శనలో కలిసి ఇద్దరూ జోడీ కట్టారు. అటూ ఇటూ ఉన్నది కృష్ణానదే, కానీ మధ్యలో నాలుగు బస్సులు. జడ్చర్లలో మారాలి, కల్వకుర్తిలో మారాలి, దేవరకొండలో మారాలి. అందుకని పనంతా ఫోన్లోనే నడిచేది. సుత్తిమోతకు కుర్మన్న చెవులు మందగించాయి కాబట్టి మాట్లాడే పని నాది.

మొదటి కత్తిని చెన్నమ్మ కౌలు చేనులో దించి చూశాం. పైపైన గీరి ఊరుకుంది. కుర్మన్న పిడికెడు మట్టి నలిపి చూసి, "పదును లేక కత్తి దిగుతలేదని సార్‌కు చెప్పు బిడ్డా" అన్నాడు. నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అయితే ఇంకో కత్తిని బాగా పదును పెట్టి పంపుతానన్నాడు ఏసోబు సార్. నేను సరేనన్నాను. కుర్మన్న మాట్లాడింది మట్టిలోని తడి గురించి. నలభై ఏళ్లు ఇనుముతో బతికిన మనిషికి ఇనుము పదునే తట్టింది. రైతుబిడ్డనైన నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

కత్తి వచ్చేలోపు వాన పడింది. దాని అంచు చూసి కుర్మన్న ఒక్క క్షణం ఆగాడు, అంత దూరంలో కూర్చుని సార్ ఏదో ఆలోచించే చేసి ఉంటాడనుకున్నాడు. ట్రాక్టర్ ఎకరం పొడుగునా హాయిగా పోయింది. తీరా చూస్తే చెట్లు లేచాయి, కాయలు లేవలేదు. కత్తి వాటిని చెట్ల నుంచి మట్టిలోనే తెగ్గోసుకుంటూ పోయింది. చెన్నమ్మకు ఆ ఏడు ఉన్న పంట అదొక్కటే. మూడు రోజులు అందరం కొడవళ్లతో తవ్వి ఏరాం. కుర్మన్న ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, "తప్పు నాదే చెన్నమ్మా. నేనే తప్పు జెప్పి పంపిన" అన్నాడు. నేను తల వంచుకుని తవ్వుతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన తడిమట్టిని గుడ్డలో మూటగట్టి నన్ను వెంటబెట్టుకుని నందికొండ బయలుదేరాడు. నాలుగో బస్సు దిగేసరికి మట్టి పెళ్లలా ఎండిపోయింది. ఏసోబు సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిదా పదునంటే?" అన్నాడు. కుర్మన్న నవ్వి, చెంబుతో నీళ్లడిగి, పెళ్లను తడిపి, నలిపి, ఆయన పిడికిట్లో పెట్టాడు.

"ఇనుముకు గాదన్నా, మన్నుకు. నేనే సక్కగ చెప్పలే."

సార్ నా వైపు చూశాడు. ఫోన్లో సరేనన్న గొంతు ఎవరిదో ఆయనకు తెలుసు. తిరుగు ప్రయాణంలో దేవరకొండ బస్టాండులో నడుము పట్టేసి, ఈ తిరుగుడంతా దేనికి, ఫోన్లో వివరంగా చెప్తే పోయేది కదా అని విసుక్కున్నాను. "ఫోన్ల మాట పోతది బిడ్డా. మన్ను పోదు గద" అన్నాడు.

మరుసటి పంటకు ఏసోబు సార్ మోకాళ్ల నొప్పులతోనే వచ్చి చేనులో నిలబడి, అంచు మొద్దుగా ఉంచి, కత్తి వాలు మార్చాడు. అది ఇప్పటికీ నాలుగైదు ఊళ్లలో నడుస్తోంది. అంతకంటే పెద్ద పేరేమీ రాలేదు.

కుర్మన్న పోయాక, దినాలనాడు చెన్నమ్మను పక్కకు పిలిచి ఆ తప్పు నాదని చెప్పాను. ఇన్నేళ్లు మోసిన మాట. ఆమె విస్తరాకులు సర్దుతూ తలెత్తకుండానే అంది: "ఎరికే బిడ్డా. కుర్మన్నకు మన్ను పదును తెల్వదా? నువ్వే చెప్తవని జూసిన."

ఈ పొద్దున అమ్రాబాద్ వైపు ఆ కత్తి వాడే రైతు నుంచి మెసేజ్ వచ్చింది. కత్తి దిగడం లేదట, పదును పెట్టించమంటారా అని. సరేనని కొట్టబోయి ఆగాను. బస్సులు మారాలి, ఒళ్లు ఇప్పుడే నొప్పిగా ఉంది. అయినా సంచీ సర్దుకుంటున్నాను.