బొమ్మ బుల్డోజరు, తమ్ముడి కన్ను

నా తమ్ముడికి ఎడమ కన్ను లేదు. క్వారీలో మందు పేల్చినప్పుడు రాయి ఎగిరొచ్చి తగిలిందని మా ఊరంతా చెప్పుకుంటుంది. మా అమ్మ అదే నమ్మి చనిపోయింది. వాడి భార్య అదే నమ్ముతోంది, నా భార్యా అంతే. ఆ రాయి అబద్ధం. ఆ కన్ను పోగొట్టింది నేను.

రాసేశాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు దాదాపు ఒక జీవితం పట్టింది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అన్నంతో పాటు మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. పిరికివాడని మీరు అనుకుంటే అనుకోండి. అంతకంటే పెద్ద మాటలే నన్ను నేను అనుకున్నాను.

మాది పల్నాడు, మాచర్ల వైపు. ఎనభైల నాటి మాట. ఊరి పక్కనే సున్నపురాయి క్వారీ ఉండేది, అందులో నేను యంత్రాలకు గ్రీజు పెట్టేవాణ్ణి. ఉదయం నుంచి సాయంత్రం దాకా పెద్ద డోజరు కిందకి దూరి, పైన కూర్చున్న ఆపరేటరు చెప్పుల అడుగులు చూడటమే నా పని. ఎప్పటికైనా ఆ సీటు నాది కావాలని ఉండేది. ఆపరేటరుకు వయసు మీదపడుతోంది, హెల్పరుగా ఒకరిని తీసుకుంటారని అందరికీ తెలుసు. ఇంజినీరును అడిగినప్పుడల్లా ‘చూద్దాంలే’ అనేవాడు. ఆ ‘చూద్దాం’ పట్టుకునే బతికాను.

ఇంట్లో ఒక బొమ్మ బుల్డోజరు ఉండేది. సాగర్ డ్యాం కట్టేటప్పుడు మా నాన్న అక్కడ రాళ్ళు మోశాడు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఇంజినీరు, తన పిల్లలు ఆడి వదిలేసిన బొమ్మను నాన్న చేతిలో పెట్టాడట. పోతపోసిన ఇనుము, జానెడు పొడవు, పసుపు రంగు, చేత్తో ఎత్తితే మణికట్టు కిందికి వంగేంత బరువు. ముందు మట్టిని నెట్టే బ్లేడు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చక్రాల మీది రబ్బరు బెల్టులు ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయాయి. కదలని బొమ్మే గానీ, పెద్దకొడుకునని నాన్న దాన్ని నాకిచ్చాడు. ఆయన పోయాక అది గూట్లో దేవుడి పటాల పక్కకు చేరింది.

తమ్ముడు ఐటీఐలో ఫిట్టరు చదివి ఖాళీగా ఉన్నాడు. వాడి స్నేహితుడి అన్న కువైట్ నుంచి పిల్లలకని ఒక పెట్టె తెస్తే, ఆ పిల్లలు సగం ముక్కలు పారేసి మిగతావాటి మీద మోజు తీరి వదిలేశారు. ఆ పెట్టె మా ఇంటికొచ్చింది. ప్లాస్టిక్ ఇటుకలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కుంటాయి. వాటితో పాటు కొత్తరకం సామాను కూడా ఉంది. వరసగా బెజ్జాలున్న కడ్డీలు, ఆ బెజ్జాల్లో దూర్చే చిన్న చిన్న సీలలు, పళ్ళచక్రాలు. అవి చూడగానే మావాడి కళ్ళు మెరిశాయి. అప్పుడు రెండు కళ్ళూ ఉన్నాయి.

నాన్న బుల్డోజరును ఈ ముక్కలతో మళ్ళీ కడతానన్నాడు, ఈసారి బ్లేడు లేస్తుందన్నాడు. మొదట గోడ కట్టినట్టు ఇటుక మీద ఇటుక పేర్చాడు. బ్లేడుతో కొంచెం మట్టి నెట్టగానే వరసలు ఊడిపోయాయి. మళ్ళీ కట్టాడు, మళ్ళీ ఊడింది. అప్పుడు వాడికి తట్టింది. బెజ్జాల కడ్డీలనే వరసలుగా పడుకోబెట్టి, వాటి పక్కన ఇంకో కడ్డీని నిలువుగా నిలబెట్టి, పై వరసనూ కింది వరసనూ దానికి సీలలతో బిగించాడు. ఇంక లాగినా రాలేదు. పెట్టెలోని చిన్న చిన్న కొక్కేలను ఒకదానికొకటి తగిలించి, రాలిపోయిన రబ్బరు బదులు గొలుసు పట్టా చేశాడు. స్క్రూ మరలాంటి ఒక ముక్కను పళ్ళచక్రానికి తగిలించి, వెనక చక్రం తిప్పితే బ్లేడు లేచేటట్టూ, ఎక్కడ ఆపితే అక్కడే నిలబడేటట్టూ అమర్చాడు. అచ్చం క్వారీలోని డోజరే. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. ఏ యంత్రం కింద నేను రోజూ పొర్లుతున్నానో, అది ఎలా పనిచేస్తుందో వాడు ఇంట్లో కూర్చుని కనుక్కుంటున్నాడు.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. పాత బొమ్మ కొలతలు లోపల ఎలా ఉన్నాయో తెలియాలంటే దాన్ని విప్పాలి, వాడు అడగడానికి భయపడ్డాడు. నేనే విప్పుకోమన్నాను. క్వారీ నుంచి ఉలి తెచ్చి రివిట్లు నేనే నరికాను. నాన్న గుర్తును తమ్ముడు ముక్కలు చేశాడన్న కోపంలో వాణ్ణి కొట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎంత నీచం చూడండి. చచ్చిపోయిన తండ్రిని కూడా సాకుగా వాడుకున్నాను.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చాను. అమ్మ పక్కవీధికి వెళ్ళింది. తమ్ముడు వాకిట్లో కూర్చుని, కట్టడం పూర్తయిన బొమ్మతో ఇసుక కుప్పను నెడుతున్నాడు. పాత బొమ్మ ముక్కలు పక్కన గోనె మీద పరిచి ఉన్నాయి. క్వారీలో విజిల్ మోగింది. మందు పేల్చే ముందు మూడుసార్లు ఊదుతారు. మాకు అలవాటే, తల కూడా ఎత్తం.

వాడు ఒకటే నవ్వు. పొద్దున బొమ్మను తీసుకెళ్ళి క్వారీ ఇంజినీరుకు చూపించాడట. విప్పి మళ్ళీ బిగించి చూపించమన్నాడట. సోమవారం నుంచి డోజరు మీద హెల్పరుగా రమ్మన్నాడట. “ఇద్దరం ఒకే బండి మీదన్నా. నువ్వు గ్రీజు పెడుదువు, నేను తోల్తా” అన్నాడు.

ఎగతాళి కాదది. నాతో ఎప్పుడూ అలాగే వేళాకోళమాడేవాడు. నాకు కడుపు మండింది. కాలి దగ్గర పాత బొమ్మ ఇనుప బ్లేడు ఉంది. తీసుకుని కొట్టాను.

ఒక్క దెబ్బే అని రాయాలని ఉంది. రెండు కొట్టాను. మొదటిది కణత మీద పడింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏమైందో అర్థంకాక మొహం ఎత్తి నన్ను చూశాడు. ఆ ఎత్తిన మొహం మీద రెండోది కొట్టాను. బ్లేడు అంచు కంట్లోకి దిగింది, నా చేతికి తెలిసింది. మొదటిది కోపం అనుకోండి. రెండోదాన్ని ఏమనాలి? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వాడు డోజరు ఎక్కకూడదని నా చెయ్యి అనుకుందా? చెయ్యి అనుకోదు. నేనే అనుకున్నాను.

అప్పుడు మందు పేలింది. నేల అదిరింది, పెంకుల మీది దుమ్ము రాలింది. వాడు రెండు చేతులతో మొహం పట్టుకుని ఇసుకలో పొర్లుతున్నాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. అరుపు విని అమ్మ పరిగెత్తుకొస్తోంది. నేనేం చేశానంటే, బ్లేడును బావిలో పడేశాను. గోడవార ఉన్న సున్నపురాయి పెచ్చు ఒకటి తీసి, తమ్ముడి రక్తంలో అద్ది, వాడి తల పక్కన పెట్టాను. అది పెడుతుంటే వాడు రెండో కంటితో చూశాడు. “రాయి పడిందమ్మా!” అని అరిచాను.

క్వారీ లారీలో నరసరావుపేట, అక్కడి నుంచి గుంటూరు. కన్ను తీసేశారు. ఎలా తగిలిందని డాక్టరు అడిగాడు. తమ్ముడు నా వైపు చూడకుండా ‘రాయి’ అన్నాడు.

క్వారీలో మందు పేల్చే మనిషిని మస్తాన్ అంటాను, అసలు పేరు అది కాదు. నరసరావుపేట నుంచి పనికొచ్చి, గేటు అవతల ఒక గదిలో భార్యతో, చిన్న కూతురితో ఉండేవాడు. మెత్తని మనిషి. మా పల్నాట్లో ఎవరికైనా ఏదో ఒక పార్టీ, వెనక నలుగురు మనుషులు ఉంటారు. అతనికి ఎవరూ లేరు. మర్నాడు మా వీధి వాళ్ళు కర్రలు పట్టుకుని గేటు దగ్గరికి పోయారు. అన్నను గదా, ముందు నేను నడవాలి. నా చేతిలో సమ్మెట కామ, దాని కర్ర పిడి, ఉంది. అతన్ని టీ కొట్టులోంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. అప్పటికే పెదవి పగిలింది. అతను వాళ్ళనెవరినీ చూడలేదు, నన్నే చూశాడు.

“అన్నా, నువ్వు క్వారీలో చేసేవోడివి. మూడు విజిళ్ళేశా, నువ్వు వినలేదా?”

“వినలా.”

“మందు యాడ పెట్టా, మీ ఇల్లు యాడ? అంత దూరం రాయి ఎట్టా వస్తదన్నా?”

“వచ్చింది. నా కళ్ళతో చూశా.”

“ఏదీ ఆ రాయి? ఒక్కసారి చూపియ్యి.”

జేబులో ఉంది. ఇలాంటిదేదో అడుగుతారని తెచ్చుకున్నాను. అతని చేతిలో పెట్టాను. ఎండిన రక్తం మీద బొటనవేలు పెట్టి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. మొహం తెల్లబోయింది.

“అయ్యో అల్లా. పిల్లగాడి కన్ను నేను దీశానా?” అన్నాడు.

అంతటితో తనకోసం వాదించడం మానేశాడు. రెండు చేతులూ జోడించాడు. నేను కామతో ఆ చేతుల మీదే కొట్టాను. కుడి మణికట్టు విరిగిన చప్పుడు విన్నాను. నమ్మేశాక ఇంక కొట్టాల్సిన అవసరం ఏముంది? నిజం చెబుతున్నాను, నన్ను నమ్మిన ఆ మొహాన్ని చూడలేకపోయాను. కిందపడ్డాక మిగతావాళ్ళు కాళ్ళతో తొక్కారు, వీపు మీద కర్రలు విరిగాయి. నేను కూడా ఆపలేదు. పక్కటెముకల్లో తన్నాను. అతని భార్య గది గుమ్మంలో నిలబడి బిడ్డ మొహాన్ని తన కడుపుకు అదుముకుని అరుస్తూనే ఉంది. ఎవరో ‘చచ్చిపోతాడు, చాల్లే’ అన్నదాకా కొట్టాం.

మస్తాన్‌ను పనిలోంచి తీసేశారు. గొడవ ముదిరి గేటు మూసేయిస్తారేమోనని యాజమాన్యం మా వీధి పెద్దల్ని పిలిచి, మా కుటుంబానికి ఏం చేయమంటారని అడిగింది. తమ్ముడికి ఇస్తానన్న పని అన్నకు ఇవ్వండన్నారు పెద్దలు. నేను అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. వద్దనలేదు. సోమవారం డోజరు ఎక్కాను. కొన్నాళ్ళకు ఆపరేటరునయ్యాను, రిటైరయ్యేదాకా తోలాను. పిల్లల్ని చదివించాను, ఇల్లు కట్టాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిన్నాను.

తమ్ముడు మాచర్లలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తాడు. ఇప్పటికీ ‘అన్నా’ అనే పిలుస్తాడు. పండక్కి నా ఇంట్లో భోంచేస్తాడు. ఆ మధ్యాహ్నం గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. వాడెందుకు చెప్పలేదు? నేను జైలుకు పోతే అమ్మ తట్టుకోలేదనా? నన్ను బతికినంతకాలం ఇలా వేపుకు తినాలనా? నా మీద ప్రేమేనేమో. అదే అయితే నాకు మరీ భయం. అడగలేదు. వాడి ఎదురుగా కూర్చుంటే నా చూపు నేల మీదే ఉంటుంది.

ఇదంతా ఇలాగే నాతో పాటు మట్టిలో కలిసిపోయేది. మొన్న చలికాలంలో నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళి, ఎందుకో మస్తాన్ ఇల్లు వాకబు చేశాను. అతను పోయి చాలా ఏళ్ళయింది. కూతురు ఉంది, బట్టలు కుడుతుంది. మీ నాన్నా నేనూ క్వారీలో కలిసి పనిచేశామన్నాను. నేనెవరో ఆమెకు గుర్తులేదు. కుర్చీ వేసి టీ ఇచ్చింది.

“మా నాయన మళ్ళా ఆ పనికి పోలేదు బాబాయ్” అంది. “చెయ్యి వంకరపోయిందని గాదు. ఒక పిల్లగాడి కన్ను నా వల్ల పోయింది, నన్ను కొట్టినోళ్ళది తప్పు గాదు అనేటోడు. పెళ్ళిళ్ళలో టపాకాయలు పేలిస్తే చెవులు మూసుకుని లోపలికి పొయ్యేటోడు. పానం పొయ్యేదాకా ప్రతి శుక్రవారం ఆ పిల్లగాడి కోసం దువా చేశాడు.”

చెప్పొచ్చు గదా అప్పుడు. ఆమె ఎదురుగా ఉంది, నేను ఎదురుగా ఉన్నాను, మధ్యలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. టీ తాగాను. వెళ్ళొస్తానమ్మా అన్నాను. జాగ్రత్తగా వెళ్ళమని గుమ్మం దాకా వచ్చింది.

కొట్టడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. నేను చేసిన పాపాన్ని తనదనుకుని ఒక మనిషి ఏడ్చి ఏడ్చి పోయాడే, దాన్ని ఎలా అతకాలి? చెప్పుకుంటే పాపం పోతుందంటారు. పోదు, నాకు తెలుసు. క్షమించమని అడగడానికి కూడా ఆ మనిషి లేడు. మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు?

నా పేరు రాయలేదు, చూశారుగా. అంత ధైర్యం ఇంకా రాలేదు. అయినా ఇది రాస్తుంటే గుండెల మీద ఏదో కాస్త పక్కకు జరిగింది. మస్తాన్ ఎవరి కన్నూ తీయలేదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలిసినవాళ్ళం నేనూ నా తమ్ముడూ ఇద్దరమే. ఇప్పుడు మీకూ తెలుసు.