మొదటి ముద్ద మాస్టారిదే

మా బడిలో పిల్లలకి భోజనం పెట్టేముందు పెద్దవాళ్ళెవరో ఒకరు రుచి చూడాలని నియమం. ఎవరు చూస్తారని అడిగినప్పుడు టీచర్లందరం తలలు దించుకుని పుస్తకాలు తిరగేస్తుంటే, డ్రిల్లు మాస్టారొక్కరే చెయ్యెత్తారు. త్యాగమంటే అలా ఉండాలి. ఆ రోజునుంచీ ఆయన రుచి మాస్టారు.

బాధ్యత నెత్తినేసుకోగానే ఇంట్లో టిఫిను మానేశారు. కడుపు ఖాళీగా ఉంటేనే నాలుక నిజం చెబుతుందట. మరి ఖాళీ కడుపుతో మధ్యాహ్నందాకా ఆగడం ఎవరి తరం? అందుకని వంటవాళ్ళని తెల్లారగానే రమ్మన్నారు. ప్రార్థన గంట కొట్టేసరికి గంగాళాల్లో అన్నం, కూర పొగలు కక్కుతూ సిద్ధం.

"ఇంకో గరిటె వెయ్యమ్మా, ఉప్పు సంగతి తేలలేదు" అనేవారు మాస్టారు కళ్ళు మూసుకుని. ఉప్పు సంగతి తేలేసరికి పళ్ళెం ఖాళీ అయ్యేది. కొన్నాళ్ళకి మెడలో విజిలు బొజ్జమీద పడుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు పరిగెత్తేవారు, ఆయన నీడపట్టున కూర్చుని ఊదేవారు.

వంటవాళ్ళకీ హాయే, గంగాళాలకి మూతలు పెట్టేసి పెందరాళే ఇళ్ళకి పోవచ్చు. ఎటొచ్చీ పిల్లలే మధ్యాహ్నం తినేవారు. అప్పటికి రేకుల షెడ్డులో ఆ వంట వేడిగానూ కాక, చల్లగానూ కాక, మా హెడ్మిస్ట్రెస్ గారి నిర్ణయాల్లా గోరువెచ్చగా ఉండేది.

ఎండలు ముదిరిన ఒకరోజు, భోజనాలైన కాసేపటికి మూడో తరగతిలో ఒక పిల్ల భళ్ళున వాంతి చేసుకుంది. తర్వాత పక్క పిల్ల. సాయంత్రానికి ఆసుపత్రి వార్డు నిండా మా పిల్లలే. వాళ్ళలో మాస్టారి కూతురూ ఉంది.

తల్లిదండ్రులు వార్డులోనే నిలదీస్తే మాస్టారు గుండెలమీద చరుచుకున్నారు. "నేనూ అదే తిన్నానండీ! మీ పిల్లలకంటే ముందే తిన్నాను! చూడండి, గుండ్రాయిలా ఉన్నాను!"

నిజమే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సెలైను ఎక్కిస్తున్న డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఎప్పుడు తిన్నారు?"

"పొద్దున్నే. వేడివేడిగా."

"పిల్లలో?"

"మధ్యాహ్నం."

"అయితే వాళ్ళు తిన్నది మీరు తిన్నది కాదు. అన్ని గంటలు గోరువెచ్చగా వదిలేస్తే అందులో క్రిములు పెరుగుతాయి. కొన్నిటి విషం మళ్ళీ కాచినా పోదు. వండగానే వడ్డించండి, లేదంటే వడ్డించేదాకా పొగలొచ్చేంత వేడిమీద ఉంచండి. రుచి చూసేదీ అప్పుడే, పొద్దున్న కాదు."

మాస్టారు వెళ్ళి కూతురి మంచం పక్కన కూర్చున్నారు. పిల్ల మొహం పీక్కుపోయింది.

"తేడాగా ఉందని తెలీలేదా తల్లీ?"

"తెలిసింది నాన్నా. కూర అదోలా వాసనొచ్చింది. మా క్లాసువాళ్ళంతా వద్దన్నారు." ఆ పిల్ల పక్క మంచాలవైపు చూసింది. "మా నాన్న పొద్దున్నే తిన్నాడు, ఏం కాదు, తినండని నేనే చెప్పాను. అప్పుడు తిన్నారు. వాళ్ళకి నామీద కోపమొస్తుందా?"

ఆయన్ని దెప్పడానికి దారి పొడుగునా బోలెడు మాటలు కూడబెట్టుకుని వచ్చాను. "నీమీద కాదు తల్లీ, నీమీద కాదు" అంటూ ఆయన ఆ పిల్ల పాదాలు పట్టుకుని ఏడుస్తుంటే, ఒక్కటీ నా నోటికి రాలేదు.