తాళం వేసిన పెళ్లి ఫోటోలు

బాన్సువాడలో మా ఫోటో స్టూడియోకి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో నాకు మనశ్శాంతి కరువైంది. రీలు రోజుల్లో నెగెటివ్ చేతిలో ఉండేది. ఇప్పుడు పెళ్లి ఫోటోలన్నీ వెనక గదిలో, డిస్కు ఉన్న ఒక చిన్న డబ్బాలో. మా కంప్యూటర్లన్నీ వైరు ద్వారా అందులోంచే ఫోటోలు తెరిచేవి. కాపీ తీసే ప్రోగ్రాం ఆ డబ్బాలోకి ఎక్కదట. అందుకని మా బావమరిది మధ్యలో ఒక పాత కంప్యూటర్ పెట్టాడు. రోజూ భోజనాల వేళ అది డబ్బాలోని ఫోల్డర్లు తెరిచి వేరే డిస్కులోకి కాపీ చేసేది. పచ్చ టిక్కు పడిందో లేదోనని నేను ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి చూసేవాణ్ణి.

"ఏంది బావా, గా టిక్కు ఏడికన్న పారిపోతదా?" అని వాడు నవ్వేవాడు.

ఆడపిల్ల ఫోటోలు ఎవరి కంటా పడొద్దని పెళ్లివారు అడిగితే, ఆ ఫోల్డర్‌కి తాళం వేసేవాళ్లం. నా పాస్‌వర్డ్‌తో తప్ప తెరుచుకోదు. బిచ్కుంద పెళ్లికి పిల్ల తల్లే పట్టుబట్టి వేయించింది.

తొలి వానలకు పిడుగు పడి డబ్బా కాలిపోయింది. కాపీ ఉందిలే అనుకున్నాను. మర్నాడే ఆ బిచ్కుంద పిల్ల తల్లి వచ్చింది. కూతురి పెళ్లయిన నెలకే తన భర్త పోయాడట. దినాలకు ఫోటో కావాలి. ఆల్బం ఇంకా వేయలేదు, కెమెరా కార్డు ఎప్పుడో తుడిచేశాం. ఇంట్లో ఉన్నది రేషన్ కార్డు మీది మసక బొమ్మ ఒక్కటే.

"కూసో అక్కా, ఇప్పుడే తీస్త," అన్నాను.

కాపీ డిస్కు తెరిచాం. అన్ని పెళ్లిళ్లూ ఉన్నాయి, తాళం వేసినవి తప్ప. మధ్యలోని కంప్యూటర్‌కి మేము నా పాస్‌వర్డ్ ఇవ్వలేదు. అది తెరుచుకోనివి వదిలేసి, మిగతావి తీసుకుని, పని అయిందని రోజూ టిక్కు పెట్టింది. ఛీ, దాని టిక్కు తగలెయ్య! కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాను. నిజామాబాద్‌లో డిస్కులు బాగుచేసేవాళ్లకు ఫోన్ చేస్తే, కాలిన డిస్కు లేవదన్నారు.

ఆమెకు చెప్పక తప్పలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"మరి ఆయన గా కాలిపోయినదాంట్ల ఉన్నడా?"

"ఉన్నడక్కా. గని తీసుడు అయితలేదు."

"అయితే గదే ఇయ్యి తమ్మీ."

డబ్బాలోంచి డిస్కు ఊడదీసి, మసి తుడిచి ఇచ్చాను. కొంగున ముడేసుకుంది.

"పిల్ల వస్తే సూపెడత, మీ నాయిన గిందుల్నే ఉన్నడని," అంటూ బస్టాండు వైపు నడిచింది.