కుర్చీలు సర్దే మనిషి

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. కథలు రాస్తుందని తెలిసినవాళ్ళు మాత్రం "మమ్మల్ని కూడా కథలో ఎక్కించేస్తారేమో" అని నవ్వేసి, కొలతలిచ్చి చల్లగా జారుకునేవారు. ఎక్కించడానికి మీ దగ్గర ఏముందని ఆమె మనసులో అనుకునేది. పైకి మాత్రం చంక దగ్గర కొంచెం వదులు పెట్టనా అని అడిగేది.

మొదట్లో ఆమె కథలు ఉత్త పంచదార పాకం. మొగుళ్ళందరూ చివరి పేజీకల్లా మంచివాళ్ళైపోయేవారు. వారపత్రిక సంపాదకురాలు ఒకరోజు ఫోన్ చేసి మొహమాటం లేకుండా చెప్పింది: "కోపం వచ్చింది, కోపం వచ్చింది అని రాస్తారేంటమ్మా? కోపమొచ్చిన మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చూసి రాయండి." టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఆ కోపమంతా మిషను మీద చూపించింది. అది చల్లారాక మనుషుల చేతులు చూడడం మొదలుపెట్టింది.

చూడగా చూడగా చెల్లెలి మొగుడి చేతులు కంటబడ్డాయి. అతను అరవడు, తాగడు. పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నాక గదిలో కుర్చీలను ఒక్కొక్కటిగా గోడవారకు జరిపి, వీపులన్నీ ఒకే వరసలోకి వచ్చేదాకా సర్దుతాడు. ఒకసారి ఆమె వెళ్ళేసరికి అతను ఆ పనిలోనే ఉన్నాడు. చెల్లెలు వంటింట్లో పెదవికి తడిగుడ్డ అద్దుకుంటోంది. "రండి వదినా, కూర్చోండి" అన్నాడు. ఆమె కూర్చోకుండా చెల్లెలి దగ్గరికి వెళ్ళింది.

చెల్లెలు ఆ ఇంట్లోంచి బయటపడే ఏర్పాట్లో ఉంది. వచ్చినప్పుడల్లా వదులు చెయ్యాలనో పొట్టి చెయ్యాలనో ఒక జత బట్టలు అక్క దుకాణంలో ఇచ్చేది, తిరిగి తీసుకెళ్ళేది కాదు. అలా మొగుడికి అనుమానం రాకుండా, దుకాణం అటక మీద ఆమె ప్రయాణపు సంచీ నిండుతోంది. వచ్చే నెల దూరపు ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి.

టైలరమ్మ ఆగలేకపోయింది, కథ రాసింది. కుట్టు దుకాణాన్ని ఇస్త్రీ దుకాణం చేసింది, అక్కచెల్లెళ్ళను స్నేహితురాళ్ళను చేసింది. అటక మీద నిండే సంచీని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచింది. కుర్చీల దగ్గరికొచ్చేసరికి భయమేసి ఆ ముక్క కొట్టేసింది. కొట్టేసి చదివితే కథ చప్పబడిపోయింది. ఆ మొగుణ్ణి చూస్తే ఎవరికీ భయం వేయదు. ఎలాగూ అచ్చవడానికి నెలల తరబడి పడుతుంది, అప్పటికి చెల్లెలు క్షేమంగా ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకుని, ఆ ముక్క మళ్ళీ పెట్టింది. నన్నడిగితే, ఆ నచ్చజెప్పుకోవడమే ఆమె అల్లినవాటిల్లో అన్నిటికన్నా నాసిరకం కథ.

సంపాదకురాలికి కథ తెగ నచ్చేసింది. పై వారమే టైలరమ్మ ఫోటోతో సహా వేసేసింది.

మర్నాడు మధ్యాహ్నం మరిది పత్రిక చుట్టి పట్టుకుని దుకాణానికొచ్చాడు.

"ఫోటో బాగా పడింది వదినా" అన్నాడు. "మీకు తెలిసింది కుట్టుపని కదా, ఇస్త్రీ దుకాణం అని రాశారేం?"

"ఊరికే... కథే కదా" అంది.

"అవునవును, కథే." బల్ల మీది కత్తెర, టేపు, సుద్దముక్క పక్కపక్కనే తిన్నగా పెట్టాడు. "మా ఆవిడ బట్టలు అయిపోయే ఉంటాయిగా. ఇచ్చెయ్యండి, పట్టుకెళ్తాను."

నమ్మేలా చెప్పడానికి ఒక్క అబద్ధమూ ఆమెకు తట్టలేదు. అతనే అటకెక్కి సంచీ దించుకున్నాడు. బజార్లో చిన్న పని చూసుకుని ఇంటికెళ్తానని మర్యాదగా చెప్పి మరీ వెళ్ళాడు.

అతను మలుపు తిరగగానే ఆమె బల్ల మీది కత్తెర అందుకుని పరుగెత్తింది. మేడ మీద చెల్లెలి వాటాకి బయట తాళం వేసి ఉంది. తలుపు బాదింది.

"అక్కా, నువ్వేనా?" లోపలినుంచి గొంతు వచ్చింది. "రాత్రి నన్ను కూర్చోబెట్టి కథంతా చదివి వినిపించాడు. కుర్చీల ముక్క మళ్ళీ మళ్ళీ చదివాడు."

టైలరమ్మ తాళం పట్టుకుని లాగింది.

"బాగా రాశావక్కా. అచ్చం అలాగే చేస్తాడు."

ఇంటివాళ్ళ నోట ఆ మాట కోసం ఇన్నేళ్ళూ మొహం వాచిపోయింది టైలరమ్మ. ఇప్పుడది చెవిన పడుతున్నా ఆగి వినలేదు. కత్తెర మొన గొళ్ళెం సందులో దూర్చి బలంకొద్దీ పైకెత్తింది. మేకొకటి ఊడింది. రెండోది కదలకముందే కింద గేటు తీసిన చప్పుడైంది.