గోడ వెనక రైలు

1973 ఆగస్టులో పటాన్‌చెరు దగ్గరి ఒక కర్మాగారంలో మోడల్ మేకర్‌గా, ఆర్నెల్ల ప్రొబేషన్ మీద చేరాను. కట్టబోయే షెడ్లను, రోడ్లను, సైడింగును, అంటే పెద్ద లైను నుంచి ఫ్యాక్టరీ లోపలికి వచ్చే సొంత రైలు పట్టాలను, ముందుగా చెక్కతో, అట్టతో చిన్నగా చేసి చూపడం నా పని. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ కొలతలూ ఉలి పట్టడమూ నాన్న ఇంట్లోనే నేర్పాడు. సంగారెడ్డిలో మా చర్చికి ఏటా క్రిస్మస్ పాకను, అంటే యేసు పుట్టిన పశువులపాక బొమ్మను, నేనే కట్టేదాన్ని. అది చూసిన ఒక అధికారి ఈ ఉద్యోగం ఇప్పించాడు. దేవుడు చూపిన ఆ దారిని నేటికీ తలుచుకుంటాను.

పాకలో గొర్రెపిల్ల ఒంటె కంటే పెద్దదైనా ఎవరూ అడగరు. ఇక్కడ అడిగేవారు ఉన్నారు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ శర్మగారు గుంటూరు వైపు మనిషి. పట్టాల పక్కన నేను పెట్టిన మేకను చూసి, "ఏమ్మా, ఇది ఏ డ్రాయింగులో ఉంది?" అన్నారు. అయినా తీయించలేదు.

మా కొలత అడుగుకు పావు అంగుళం. పట్టాలు వంపు తిరిగేచోట ఎనిమిదడుగుల గోడ రావాలి. అప్పటికింకా కట్టలేదు. మోడల్లో రెండంగుళాలు పెడితే నా రైలింజను సగానికి పైగా దాని వెనక దాక్కుంది. నెల రోజులు చేసిన ఇంజను. మనసొప్పక గోడను ముప్పావు అంగుళానికి కోశాను. ప్లానులో గోడ ఒక గీత మాత్రమే, ఎత్తు తెలియదు. శర్మగారు పట్టాలన్నీ స్కేలు పెట్టి చూశారు, గోడను చూడలేదు. అధికారులు బల్ల చుట్టూ నిలబడి మెచ్చుకుని, పనివాళ్ల దారి పట్టాలను దాటేచోట గేటూ, గేటుమన్ గదీ ఎక్కడుండాలో ఆ మోడల్ మీదే వేలు పెట్టి చూపారు.

మరుసటి ఏడు గోడా గదీ కట్టడం పూర్తయ్యింది. కొత్త పట్టాల మీద ఇంజను నడిపి చూసే ట్రయల్ రోజున మోడల్‌ని గేటు దగ్గరికి తెమ్మన్నారు. మధ్యాహ్నం రెండింటి షిఫ్టు సైరనుకు పావుగంట ఉంది. ఇంజనూ ఆ వేళకే రావాలి. మంచినీళ్ల కోసం గేటుగదిలోకి వెళ్తే గేటుమన్ మల్లయ్య అడిగాడు:

"అమ్మా, గీడికెళ్లి బండి ఏడ కనబడ్తది? నువ్వు జేసిన బొమ్మల అంతా కనబడె గద."

కిటికీలోంచి చూశాను. ఎదురుగానే గోడ, అది తప్ప ఏమీ లేదు.

"బండి కనబడంగనే గేటెయ్యాలన్నరు సార్లు. గోడ దాటి కనబడేసరికి మీదికొస్తది. సప్పుడు ఇని ఎయ్యాల్నా? మిషన్లల్ల ఏం ఇనబడ్తది?"

ఈ ఒక్కరోజుకు, బండి రాకముందే గేటు వేసెయ్యమని మల్లయ్యతో అంటే చాలు, తప్పు నాదని ఎవరికీ తెలియదు అనుకున్నాను. ప్రొబేషన్ రెండోసారి పొడిగించి ఉన్నారు. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయాను.

"మా ఆడామె గూడ రోజు పనికి గీ తొవ్వనే వస్తది," అన్నాడు మల్లయ్య, ఎవరినీ తప్పుపట్టకుండా.

బయటికి వచ్చి శర్మగారికి చెప్పాను. గోడ కోశానన్న మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది.

"ఎంత కోశావు?"

"అంగుళంపావు సార్."

"అయిదడుగులు," అన్నారాయన. మల్లయ్య చేతిలోని ఎర్రజెండా లాక్కుని పట్టాల వెంట పరుగెత్తారు. యాభై దాటిన మనిషి. సైరను మోగింది. టిఫిను డబ్బాలతో ఆడవాళ్లు గేటులోంచి నడవడం మొదలైంది. గోడ వెనక ఏం జరుగుతోందో నాకు కనబడదు. ఇంజను వస్తోందో ఆగిందో తెలియకుండా ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. మల్లయ్య మాత్రం గేటు మూసి, తిట్టేవాళ్లను తిట్టనిచ్చాడు.

ఇంజను గోడకు అవతలే ఆగింది. ట్రయల్ వాయిదా పడింది. నాకు మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ప్రొబేషన్ మూడోసారి పొడిగించారు. గేటుగదిని వంపు కనబడే వైపుకు మార్చారు. ఆ రోజు అడిగినందుకు మల్లయ్యకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని.

మోడల్లో గోడను మళ్లీ రెండంగుళాలకు పెంచాను. తర్వాత చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన, రైలు సరిగా కనబడటం లేదేమని అడిగాడు.

"అక్కడ కనబడదండీ," అన్నారు శర్మగారు. పెద్దాయన మేకను చూపిస్తే, "అది ఉంటుంది, రోజూ వస్తుంది," అన్నారు.

తర్వాత ఉద్యోగమంతా ఒక పద్ధతి పాటించాను. మోడల్ పూర్తయ్యాక గడ్డం బల్లకు ఆనించి, అక్కడ నిలబడబోయే మనిషి కంటి ఎత్తు నుంచి, అంటే బల్లమీది అంగుళంపావు ఎత్తు నుంచి, ఒకసారి చూసేదాన్ని. పైనుంచి చూసే అధికారి కోసం చేసిన మోడల్ పనికిరాదు.