‘మంద’ రెండో భాగం మీద నేను రాసిన మాట

నా మాట ఎవరూ పట్టించుకోరు. ఇది కొత్త సంగతి కాదు. వీడియో గేముల గ్రూపు ఒకటి నడిపేవాళ్ళకు ఎన్నిసార్లు రాశానో, అందులో ఉన్న నా పాత రివ్యూ ఒకటి తీసేయమని. చదివినట్టు టిక్కు గుర్తు కనబడుతుంది. జవాబు మాత్రం రాదు. వేరే గొడవలో వాళ్ళు నన్ను గ్రూపులోంచి బయటికి పంపేశారు కాబట్టి నా రివ్యూను నేనుగా తీసేయలేను. ఆ గొడవలో తప్పు వాళ్ళదే. ఆ ఆట తీసిన మాదేశుకూ రాశాను. అతనూ పలకలేదు. అందుకే ముక్కూ మొహం తెలియని మీ ముందు కూర్చున్నాను.

కొన్నేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. నేను రాసిందే. ఒకరి చేత ఇల్లు ఖాళీ చేయించిన మాట.

మాదేశు అసలు పేరు కాదు. అతనిది వేప్పనపల్లి వైపు ఒక పల్లె. ఏ పల్లె అని రాయను. ఒకసారి రాసినందుకే ఇదంతా.

హోసూరులో ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. కృష్ణగిరి నుంచి కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చేవాళ్ళం. అతనికి ఆటలు తయారుచేయాలని పిచ్చి, నాకు ఆడి వాటి మీద రాయాలని పిచ్చి. అతను పాత లాప్‌టాప్ మీద సొంతంగా నేర్చుకుని, బొమ్మలు చెల్లెలి చేత గీయించి ‘మంద’ అనే ఆట తీశాడు. జవళగిరి అడవిలో తప్పిపోయిన గొర్రెలను వెతికే కాపరి కథ. అందులో మొదటి బాస్, అంటే దాటితే గానీ ముందుకు పోలేని పెద్ద శత్రువు, ఏనుగు. గాలి వాలు చూసుకుని నడిస్తే ఏనుగు పసిగట్టదు, దాన్ని కొట్టి గెలవనక్కరలేదు, తప్పించుకుని పోతే చాలు. ఆ ఆలోచన నాది. మా తాత ఆ అడవి అంచున గొర్రెలు కాసినవాడు. బస్సులో నేను చెప్పాను, అతను విన్నాడు, ఆటలో పెట్టాడు.

ఆట చివర పేర్లు వచ్చాయి. చెల్లెలి పేరు ఉంది. క్యాంటీన్‌లో టీ పోసే ఆయన పేరు ఉంది. నా పేరు లేదు.

ఎందుకు వేయలేదని మెసేజ్ పెట్టాను. చదివాడు. జవాబు లేదు. అప్పటికి అతను హోసూరు పక్కనే మత్తిగిరిలో అద్దెకు దిగాడు, బస్సులో కలవడం పోయింది, షిఫ్టు కూడా మారింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. రెండో భాగం తయారవుతున్నప్పుడు ముందుగా ఆడి చూడమని కొందరికి పంపాడట. నాకు పంపలేదు. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం మరిచిపోయే రకం కాదు.

రెండో భాగం వచ్చిన రోజే ఆడాను. ఆడుతూనే మనసులో రివ్యూ రాసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆడకముందే సగం రాసుకున్నాను.

మొదటి ఆటలోని కాపరి చనిపోయాడు. ఇది అతని చెల్లెలు గంగి కథ. కుంటి మేకను భుజాన వేసుకుని మందను తోలుకుపోతుంది. ముఖంలో కళ లేదని, చెక్కబొమ్మలా ఉందని రాశాను. ముఖం నిజంగా అలాగే ఉంది. కానీ ఆమె నడక గురించి నేను రాయలేదు. గట్టు ఎక్కేటప్పుడు మేక బరువుకు ఒక పక్కకు ఒరుగుతుంది, దిగేటప్పుడు మడమ ముందు ఆనిస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళు అలాగే దిగుతారు. చూసి ఆట ఆపి కాసేపు అలా కూర్చుండిపోయాను. అది ఎందుకు రాయలేదు? రాస్తే మెచ్చుకున్నట్టవుతుంది కదా.

బాసులలో ఒకటి హైవే మీద లారీ. డ్రైవరు కనబడడు, లైట్లే కనబడతాయి. మందను రోడ్డు దాటించాలి. ‘లారీ కూడా బాసేనా’ అని వెక్కిరించాను. హైవే పక్కన పుట్టినవాడెవడూ అలా వెక్కిరించడు. నేను వెక్కిరించాను. అయితే ఆ ఘట్టం మరీ సాగిందని అన్నానే, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. సాగింది.

ఇక సంగీతం.

చివరి ఘట్టంలో గంగి తన అన్న శవం ముందు నడుస్తుంది. దారికి అడ్డంగా ఒక నల్ల ఎద్దు నిలబడుతుంది. అదే ఆఖరి బాస్. వెనక పలక, అంటే డప్పు, మోగుతూ ఉంటుంది. కొట్టేకొద్దీ ఎద్దు రెచ్చిపోతుంది, ఎంత కొట్టినా చావదు. ఉన్నట్టుండి పలక ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. చాలామంది ఆట చెడిపోయిందనుకున్నారు. ఆ నిశ్శబ్దంలో కూడా ఎద్దును కొడుతూ చచ్చి చచ్చి, గ్రూపులోకి వచ్చి తిట్టారు.

నాకు మొదటిసారే అర్థమైంది. మా పల్లెల్లో శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో ఒకచోట దించుతారు. దించేటప్పుడు పలక ఆపుతారు. అయినవాళ్ళు వంగి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, పలుకుతాడేమోనని. పలక ఆగితే దించాలి, అంతే. నేను ఎద్దును కొట్టడం మాని గంగి చేతిలోని కర్ర కింద పెట్టించాను. మోసేవాళ్ళు శవాన్ని దించారు, ఆమె వంగి అన్నను పిలిచింది. ఎద్దు పక్కకు జరిగింది. నాకు ఒళ్ళు జలదరించింది.

గ్రూపులో ఎవరికీ తెలియనిది నాకు తెలిసింది. చూపించుకోవాలి. మాదేశును కొట్టాలి. రెండూ ఒకే మాటతో అవుతాయనిపించింది. ఇలా రాశాను: ఇది ఫలానా పల్లెలో ఫలానా వీధివాళ్ళు శవం ముందు వాయించే పలక, ఆట తీసినవాడి నాయనే వాయించాడు, సంగీతం చేయించుకునే గతిలేక చావు పలక తెచ్చి మన ఇళ్ళలో మోగిస్తున్నాడు.

పల్లె పేరు రాశాను. వీధి పేరు రాశాను. ‘మన ఇళ్ళలో’ అన్నాను. ఆ ‘మన’ ఎవరు? ఆ మాట రాసేటప్పుడు నా వేలు ఆగిందా? ఆగలేదు.

పాట మొదట్లో చిటపటమని ఒక శబ్దం వస్తుంది. రికార్డింగు బాగాలేదని దాన్నీ ఎత్తిపొడిచాను. అది గడ్డిమంట చప్పుడు. వాయించే ముందు పలకను మంట దగ్గర కాచి బిగువెక్కిస్తారు. అది నాకు తెలుసు. చిన్నప్పుడు దూరంగా నిలబడి చూసినవాడినే. దూరంగా నిలబడమని మా వాళ్ళు చెప్పేవారు.

చాలాకాలం నాకు నేను ఒకటి చెప్పుకున్నాను. నేను రాసింది ఆట గురించి, ఇంటి గురించి కాదు. మాదేశు ఇంటి ఓనరు చదువుతాడని నాకేం తెలుసు? ఇలా చెప్పుకుని నిద్రపోయాను, చాలాసార్లు.

తెలుసు. ఇదే చెప్పడానికి ఇంత దూరం వచ్చాను. మత్తిగిరిలో ఇల్లు దొరికిన వారం మాదేశు క్యాంటీన్‌లో నాకే చెప్పాడు, ఓనరు మీరు ఏ కులం మనుషులని అడిగితే వ్యవసాయం చేసుకునేవాళ్ళమని చెప్పి బయటపడ్డానని. మామిడితోటల్లో కూలికి పోయే కుటుంబం, కాబట్టి అబద్ధమేమీ కాదని నవ్వాడు కూడా. ఎవరితో అనొద్దన్నాడు. ఓనరు కొడుకు ఆ గ్రూపులో ఉన్నాడని కూడా నాకు తెలుసు. నా రివ్యూలకు మొదట లైకు కొట్టేవాళ్ళలో అతనొకడు. దీనికీ కొట్టాడు. ఆ లైకు చూసి నేను ఫోను జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళాను.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం షిఫ్టు దిగి బయటికి వస్తుంటే మాదేశు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, బాగుండావా?” అన్నాడు.

“బాగుండాను. మెసేజికి జవాబు పెట్టేకి టైము లేదు గానీ గేటు కాడికి వచ్చేకి టైము దొరికిందా?” అన్నాను.

“ఇల్లు ఖాళీ చేసినాము. దానికే ఈ వారం లీవు పెట్టినాను. సామాన్లు సర్దతా ఉంటే ఓనరమ్మ మేము తాకిన కొళాయి కడగతా ఉండాది. మేము పోయినంక కడిగింటే ఏం పోయేదో.”

మళ్ళీ అతనే అన్నాడు.

“గంగి మొకం చెక్కబొమ్మ మాదిరి ఉందని రాసినావు. సరే, మా చెల్లెలు కూడా నాతో కొట్లాడి అదే అన్నింది. లారీ బాగలేదంటివి. సరే. పాట బాగలేదని ఒక్క ముక్క రాసింటే సరిపోయేది కదప్పా. వీధి పేరు యాల రాస్తివి?”

“నిజమే కదా రాసినాను. అబద్ధం యాడన్నా రాసింటే చూపించు.”

అతను నవ్వాడు. “లేదప్పా, యాడా లేదు. నువ్వు శానా నిజమైన మనిషివి.” తర్వాత నవ్వు ఆపాడు. “మా నాయన అడగతా ఉండాడు, వాయించిందాంట్లో ఏమన్నా తప్పు పోయిందా, దానికేనా ఆ పిల్లోడు అట్ల రాసినాడు అని. ఆ పొద్దు మణికట్టు నొప్పిగా ఉన్నింది, ఒక దెబ్బ తప్పినట్టుండాది అంటాడు. ఆయనకేం చెప్పేది? నువ్వే చెప్పు.”

చెప్పడానికి ఎన్ని మాటలున్నాయి! ఒక్క దెబ్బ కూడా తప్పలేదని చెప్పవచ్చు. ఆ పలక ఆగినప్పుడు నాకు ఒళ్ళు జలదరించిందని చెప్పవచ్చు. ఆయనకు దక్కాల్సింది ఆ మాటే. నేను ఇలా అన్నాను:

“మొదటి ఆటలో నా పేరు యాల వెయ్యలేదో ముందు దానికి జవాబు చెప్పు.”

మాదేశు “దానికా?” అన్నాడు.

అంతే. బస్సు వస్తోందని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను అతన్ని చూడలేదు. ఫ్యాక్టరీ మానేశాడని విన్నాను. పలక వాయించమని ఎవరు పిలిచినా మాదేశు నాయన పోవడం లేదని ఆ వైపువాళ్ళు ఒకరు చెప్పారు. వయసు వల్ల కావచ్చు. నా వల్ల కావచ్చు. ఏది నిజమో అడిగే ముఖం నాకు లేదు.

కొన్నాళ్ళకు మాదేశు రెండో భాగాన్ని ఆన్‌లైన్ స్టోరులోంచి తీసేశాడు. ఇప్పుడు ఎవరైనా ఆడాలన్నా దొరకదు. దొరికేది నా రివ్యూ ఒక్కటే. ఆట పోయింది, దాని మీద నేను రాసింది మిగిలింది. ఆ పల్లె పేరు, ఆ వీధి పేరు ఇంకా అక్కడే ఉన్నాయి, ఎవరు వెతికినా చదువుకునేలా. జరిగిపోయిన తప్పయితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది రోజూ జరుగుతోంది.

కాబట్టి ఆనాడు రాయవలసింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ సంగీతం లాంటిది నేను ఏ ఆటలోనూ వినలేదు. దాన్ని వినడమే ఆ బాసును గెలవడం. అలాంటి ఆలోచన నాకు జన్మలో రాదు, నా ఏనుగు దాని ముందు పిల్లచేష్ట. గంగి నడక గొప్పది. ముగింపు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. శవాన్ని పూడ్చాక మంద మేస్తూ ఉండగా తెర నల్లబడిపోతుంది, గంగి ఏమైందో చెప్పడు. చెప్పాల్సింది. మంచివాడినని అనిపించుకోవడానికి ఇది బాగుందని అనలేను. పేరు వేయకపోవడం కూడా తప్పే. ఆ తప్పుకు ఒక ముసలాయన మణికట్టును తిట్టుకోవాలా? వద్దు. ఇది తెలియడానికి నాకు ఇన్నేళ్ళెందుకు పట్టింది?

చెప్పాను. మీరేమీ అనక్కరలేదు, క్షమించడం మీ చేతిలో లేదు. మాదేశు చేతిలో ఉంది, అతను చేయడు, చేయమని అడగను.

కానీ మాదేశూ, ఒకటి అడుగుతాను. ఆ ఆటను మళ్ళీ పెట్టు. నేను రాసింది పక్కనే ఉన్నా ఫరవాలేదు, జనం ఆడి నన్ను తిట్టుకోనీ. మీ నాయన వాయించింది వినబడాలి. పెడతావా? పెట్టనంటే పెట్టనని చెప్పు. నీ నోటికి వచ్చినట్టు తిట్టి చెప్పు. చదివి ఊరుకోవద్దు. ఈసారి జవాబు చెప్పు.